రాళ్లను చదివిన మనిషి – థియొడోర్ మామ్సెన్

రోము చరిత్ర అనగానే మన విద్యార్థుల్లో చాలామందికి నాలుగైదు బొమ్మలు కళ్లముందు ఆడతాయి. కత్తిపోట్లకు ఒరిగిపోయిన జూలియస్ సీజరు, క్లియోపాత్రా అందం, తగలబడుతున్న నగరం, పిచ్చి చక్రవర్తి నీరో. పరీక్షకు ఇవి సరిపోతాయి. సినిమాకైతే ఇంకా బాగా సరిపోతాయి. కాని ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే, ఇవన్నీ దాదాపు ఒక్క ఊరి కథలే. ఆ ఊళ్లోనూ ఒక్క మేడ కథలే.

ఆ రోజుల్లో రోము చేతికింద ఉన్న నేల పడమట స్పెయిను నుంచి తూర్పున సిరియా వరకు, ఉత్తరాన బ్రిటను నుంచి దక్షిణాన ఈజిప్టు వరకు వ్యాపించి ఉండేది. ఇటలీ పోను తక్కిన ఆ నేలనంతా ప్రావిన్సులుగా విభజించి, గవర్నర్లను పంపి పాలించేవారు. మరి ఆ ప్రావిన్సుల్లో రైతు ఎవరికి శిస్తు కట్టాడు? ఊరి పెద్దలను జనం ఎలా ఎన్నుకున్నారు? సిపాయి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చచ్చిపోయాడు? టాసిటస్, సుయటోనియస్ వంటి పాత చరిత్రకారులను అడిగితే ఈ సంగతులు పెద్దగా చెప్పరు. వాళ్ల చూపంతా రాజధాని మీదే.

ఈ సంగతులు చెప్పేవి రాళ్లు. ఆ రాళ్లచేత మాట్లాడించడానికి ఒక జీవితకాలం వెచ్చించినవాడు జర్మన్ పండితుడు థియొడోర్ మామ్సెన్. 1902లో సాహిత్యానికి నోబెల్ బహుమానం పొందినవాడుగా ఈయన పేరు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో కనిపిస్తుంది. నా మటుకు నాకు ఆ బహుమానం కంటే ఆయన పడ్డ చాకిరీయే గొప్పదనిపిస్తుంది. అందుకే ఆయన జీవితాన్ని గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ్సెన్ 1817 నవంబరు 30న గార్డింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడా ఊరు జర్మనీకి ఉత్తరపు కొసన ఉంది; అప్పట్లో ఆ ష్లెస్విగ్ సీమ డెన్మార్కు రాజు ఏలుబడిలో ఉండేది. తండ్రి యెన్స్ మామ్సెన్ ప్రొటెస్టెంటు మతగురువు. సంసారం పెద్దది, రాబడి చిన్నది. అందుచేత పిల్లలకు లాటిను, గ్రీకు మొదలైన చదువులు చాలాకాలం ఇంట్లోనే సాగాయి. తరువాత ఆల్టోనాలో హైస్కూలు చదువు ముగించి, 1838లో కీల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఏం చదవడానికి? చరిత్ర కాదు సుమండీ, లా! రోమను న్యాయశాస్త్రంలో 1843లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అదే ఏడు తమ్ముడు టైకోతోను, తరువాత గొప్ప కథకుడుగా పేరుపొందిన థియొడోర్ స్టోర్మ్‌తోను కలిసి ఒక పద్యాల పుస్తకం కూడా అచ్చువేశాడు.

న్యాయశాస్త్రం చదివినవాడు శాసనాల దగ్గరకు ఎందుకు వచ్చాడంటే, దానికి కారణం ఉంది. రోమను చట్టాలు పుస్తకాల్లో ఉన్నాయి. అవి ఊళ్లలో నిజంగా ఎలా నడిచాయో తెలియాలంటే ఆ ఊళ్లలో చెక్కిన రాళ్లూ, కంచు పలకలూ చూడాలి. డెన్మార్కు రాజు ఇచ్చిన ప్రయాణ వేతనంతో 1844లో ఆయన ఇటలీకి బయలుదేరాడు. మూడేళ్లపాటు సాగిన ఈ ప్రయాణం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఇటలీ మధ్య కొండమీద శాన్ మరీనో అనే బుల్లి రిపబ్లికు ఉంది. అక్కడ బార్తొలోమేయో బొర్గేసీ అనే వృద్ధ పండితుడు ఉండేవాడు. శాసనాలు చదవటంలో ఆ కాలాన ఆయనను మించినవారు లేరు. యువకుడైన మామ్సెన్ ఆయన దగ్గరకు వెళ్లి కూర్చుని ఈ విద్య నేర్చుకొన్నాడు. తరువాత తన మొదటి పెద్ద శాసన సంపుటాన్ని ఈ గురువుకే అంకితమిచ్చాడు.

ఇంతకూ ఈ విద్యలో ఏముందో కొంచెం చెప్పుకోవాలి. రోమను శాసనంలో మాటలు పూర్తిగా ఉండవు. రాతి మీద చోటు తక్కువ, చెక్కడానికి కూలి ఎక్కువ. అందుచేత ఒక్కొక్క మాటకు ఒకటి రెండు అక్షరాలే చెక్కి ఊరుకొనేవారు. చక్రవర్తి బిరుదుల్లో ఒక అధికారం ఏటేటా కొత్తగా లెక్కకు వచ్చేది. అది ఎన్నోసారి అని రాతిమీద ఉంటుంది. ఆ అంకెను పట్టుకొంటే రాయి ఏ సంవత్సరానిదో తేలిపోతుంది. ఒక పెద్ద ఉద్యోగి గౌరవార్థం నిలిపిన రాతిమీద అతను చేసిన ఉద్యోగాలన్నీ వరసగా ఉంటాయి: ఏ దళంలో అధికారి, ఏ ప్రావిన్సులో పన్నుల పెత్తనం, ఎక్కడ గవర్నరు. ఇలాంటి రాళ్లు పది చేరిస్తే ఒక ప్రావిన్సు గవర్నర్ల పట్టిక తయారవుతుంది. ఆ పట్టిక ఏ పాత గ్రంథంలోనూ దొరకదు.

సిపాయి సమాధి రాయి ఇంకా చిత్రమైనది. పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, ఏ దళం, ఎన్నేళ్లు బతికాడు, ఎన్నేళ్లు కొలువు చేశాడు, రాయి ఎవరు నిలిపారు – ఇంతే ఉంటుంది. ఒక్క రాయి చదివితే ఒక మనిషి చావు తెలుస్తుంది, అంతే. వందల రాళ్లు పక్కపక్కన పెడితే కథ మారుతుంది. మామ్సెన్ 1884లో ఈ పనే చేసి చూపించాడు. మొదట్లో పెద్ద దళాల్లో చేరినవాళ్లలో ఇటలీవాళ్లు చాలామంది ఉండేవారు. పోనుపోను ఇటలీ ఊళ్ల పేర్లు తగ్గి ప్రావిన్సుల పేర్లు పెరిగాయి. చివరికి దళం ఎక్కడ విడిది చేసిందో ఆ చుట్టుపక్కలవాళ్లే, సిపాయిల పిల్లలే, మళ్లీ సిపాయిలయ్యారు. అంటే రోము సైన్యం పేరుకు రోముదే గాని, రక్తమాంసాలు ప్రావిన్సులవి అన్నమాట. ఇంత పెద్ద మార్పును పనిగట్టుకొని రాసిపెట్టినవారు లేరు. సమాధి రాళ్లు చెప్పాయి.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ కాలానికే లాటిను శాసనాల పుస్తకాలు బోలెడు ఉన్నాయి. కాని వాటిలో తప్పులు ఎక్కువ, దొంగ శాసనాలు ఇంకా ఎక్కువ. పదహారో శతాబ్దంలో పిర్రో లిగోరియో అనే ఇటలీ చిత్రకారుడు ఉండేవాడు. మంచి విద్వాంసుడే. కాని ఎక్కడా లేని శాసనాలను కాగితం మీద సృష్టించటంలో అఖండుడు. అతని తరువాతివాళ్లు వాటిని నిజమనుకొని ఎత్తి రాసుకొన్నారు. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి, అందులోంచి మరో పుస్తకంలోకి దొంగ శాసనం ప్రయాణం చేస్తూ పోయింది. చదివేవాడికి ఏది నిజమో ఏది అబద్ధమో తెలియని పరిస్థితి.

దీనికి మామ్సెన్ పెట్టిన నియమాలు వినటానికి చాలా మామూలుగా ఉంటాయి. రాయి ఇంకా ఉంటే, వెళ్లి రాయినే చూడాలి. రాయి పోయి ఉంటే, దానిని కళ్లతో చూసి మొదట నకలు తీసినవాడెవడో వెతికి, అతని వ్రాతప్రతి దాకా వెళ్లాలి. అబద్ధాలకోరు ఒక్కడే సాక్షిగా ఉన్న శాసనాన్ని నిజమైనవాటిలో కలపకూడదు; వేరుగా, నక్షత్రం గుర్తు పెట్టి చూపాలి. కోర్టులో సాక్ష్యం తూచినట్లే! లా చదువు వృథా పోలేదు.

వీటికి తోడు ఇంకొక నియమం ఉంది. పాత పుస్తకాలు శాసనాలను విషయాన్నిబట్టి సర్దేవి: దేవుళ్లవి ఒకచోట, చక్రవర్తులవి ఒకచోట, సిపాయిలవి ఒకచోట. మామ్సెన్ అలాకాదు, ఊరినిబట్టి సర్దాలన్నాడు. ఒక ఊళ్లో దొరికిన రాళ్లన్నీ ఒకచోట, ఆ ఊళ్లన్నీ కలిసి ఒక సీమ, ఆ సీమలన్నీ కలిసి ఒక ప్రావిన్సు. చూడటానికి ఇది గుమాస్తా పనిలా ఉంటుంది. కాని నేననుకోవటం, ప్రావిన్సుల చరిత్ర పుట్టింది ఈ సర్దుబాటులోనే. దేవుడి రాయి, సిపాయి రాయి, వర్తకుడి రాయి, విడుదలైన బానిస రాయి పక్కపక్కన చేరేసరికి ఒక ఊరు లేచి నిలబడింది.

ఈ నియమాలను ఆయన ఊరికే చెప్పి కూర్చోలేదు. నేపుల్స్ రాజ్యపు కొండ ఊళ్లు, పల్లెలు తిరిగి, గుడి గోడల్లో, ఇళ్ల గడపల్లో, తోటల్లో పడి ఉన్న రాళ్లను తానే చదివాడు. సామ్రాజ్యమంతటికీ ఇలాంటి సంపుటాలు వేయాలని 1847లో ఒక పథకం రాసి బెర్లిన్ అకాడమీకి పంపాడు. అకాడమీలో అందరికీ అది రుచించలేదు. ఉన్న పుస్తకాల నుంచే కూర్చితే తక్కువ ఖర్చుతో తొందరగా అయిపోతుంది గదా, రాళ్ల వెంట దేశాలు తిరగటం ఎందుకు అన్న పక్షం బలంగా ఉండింది. మామ్సెన్ వాదన మానేసి పని చూపించాడు. 1852లో నేపుల్స్ రాజ్యపు శాసనాలు అచ్చయి బయటికి వచ్చాయి. ఆ పుస్తకం చూశాక ఎదురు మాట్లాడటానికి ఏమీ మిగలలేదు. మరుసటి సంవత్సరం 1853లో అకాడమీ ఆ మహాకార్యాన్ని ఆయన చేతికి అప్పగించింది.

ఈ మధ్యలో ఆయన ఇంకో పని కూడా చేశాడు: ఉద్యోగం పోగొట్టుకొన్నాడు! 1848లో యూరపు అంతటా విప్లవాలు చెలరేగినప్పుడు ఆయన రెండ్స్‌బుర్గ్‌లో ఒక పత్రికకు రాసేవాడు. ఆ శరదృతువులో లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1849లో శాక్సనీలో జరిగిన తిరుగుబాటు సందర్భంలో ఉదారవాదుల పక్షాన నిలిచినందుకు ప్రభుత్వం 1851లో ఆయననూ, ఆయన మిత్రులు మోరిట్జ్ హౌప్ట్, ఓటో యాన్‌లనూ కొలువు నుంచి తొలగించింది. స్విట్జర్లాండు ఆయనకు చోటిచ్చింది. 1852లో జూరిక్‌లో ఆచార్యుడై, ఊరికే కూర్చోకుండా స్విట్జర్లాండులోని లాటిను శాసనాలన్నీ పోగుచేసి 1854లో అచ్చువేశాడు. అక్కడినుంచి బ్రెస్లౌకు వెళ్లాడు. అదే ఏడు తన ప్రచురణకర్త కుమార్తె మేరీ రైమరును పెళ్లాడాడు. వాళ్లకు పదహారుమంది సంతానం. ఇంత సంసారం చుట్టూ ఉండగా అంత రాత ఎలా సాగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1854 నుంచి 1856 వరకు రోమను చరిత్ర మూడు సంపుటాలు వెలువడ్డాయి. నోబెల్ బహుమానానికి ముఖ్యంగా ఎత్తిచూపిన గ్రంథం ఇదే. నాటకంలా సాగే రచన. అడుగున సూచికలు దాదాపు లేవు. సీజరు అంటే ఆయనకు ఎంతో గౌరవం. సిసిరో అంటే చిన్నచూపు. కథ సీజరు విజయంతో ఆగుతుంది. చక్రవర్తుల చరిత్ర నాలుగో సంపుటంలో రావాలి. లోకం యాభై ఏళ్లు ఎదురుచూసినా ఆయన దానిని రాయలేదు. ఆయన క్లాసులో చెప్పిన పాఠాలకు విద్యార్థులు రాసుకొన్న నోట్సు 1980లో ఒక పాత పుస్తకాల దుకాణంలో బయటపడి 1992లో అచ్చయింది. శ్రద్ధగా నోట్సు రాసుకొనే మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు!

1858లో మామ్సెన్ బెర్లిన్ చేరాడు. 1861 నుంచి విశ్వవిద్యాలయంలో రోమను చరిత్రాచార్యుడు. ఇక అక్కడినుంచి ఆయన ఒక మనిషి కాదు, ఒక కార్ఖానా. ఆ మహాగ్రంథం పేరు కార్పస్ ఇన్‌స్క్రిప్షనుం లటినారుం, అంటే లాటిను శాసన సర్వస్వం. మొదటి సంపుటం 1863లో వచ్చింది. స్పెయిను (1869), బ్రిటను (1873) ఎమిల్ హ్యూబ్నర్ కూర్చాడు. పాంపేయి గోడల మీది రాతలు (1871) త్సాంగెమైస్టర్ వంతు. ఆఫ్రికా కోసం ఊరూరా తిరిగిన గుస్టాఫ్ విల్మన్స్ 1878లో, చిన్న వయసులోనే చనిపోయాడు; అతని శ్రమ 1881లో అచ్చయింది. డాన్యూబు సీమలు, తూర్పు ప్రావిన్సులు కలిసిన మూడో సంపుటం (1873), ఉత్తర ఇటలీ, దక్షిణ ఇటలీ సంపుటాలు మామ్సెన్ తానే చేశాడు. రోములో హెన్జెన్, దె రొస్సీ వంటివారు తోడు. తడిపిన కాగితం రాతిమీద పరిచి, కుంచెతో తట్టి తీసిన అచ్చులు నలుమూలల నుంచి బెర్లిన్ చేరేవి. ఒక్కడు చేయలేని పనిని పదిమంది చేత ఒక్క పద్ధతిలో చేయించటం ఆయన నేర్పు.

ఈ శాసనాల వల్ల ఒరిగిందేమిటి అని అడిగేవారికి మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది అంకారాలో ఉంది, ఇప్పటి టర్కీ రాజధాని. అక్కడ రోము దేవతకూ ఆగస్టసుకూ కట్టిన గుడి గోడల మీద ఆగస్టసు చక్రవర్తి తన జీవితంలో చేసిన పనుల పట్టీ చెక్కి ఉంది. ఆయన ఖర్చు పెట్టిన సొమ్ము, కట్టించిన గుళ్లు, లొంగదీసిన దేశాలు అన్నీ ఉన్నాయి. అసలు ప్రతి రోములో ఆయన సమాధి ముందు ఉండేది, అది పోయింది. ప్రావిన్సులోని నకలు మిగిలింది! పైగా లాటిను పక్కన గ్రీకు అనువాదం కూడా ఉంది, అక్కడి జనానికి అర్థం కావాలి గదా. లాటిను చెరిగిన చోట గ్రీకు ఆదుకొంటుంది. మామ్సెన్ దీనిని 1865లో ప్రకటించాడు. తృప్తి కలగలేదు. 1882లో కార్ల్ హూమన్ అంకారా వెళ్లి గోడలకు ప్లాస్టరు అచ్చులు పోసి తెచ్చాడు. వాటిని బట్టి 1883లో మళ్లీ మొదటినుంచి సరిచూసి వేశాడు.

రెండవది స్పెయినులోని మలగా ఊరి చట్టం. 1851లో ఆ ఊరి దగ్గర తవ్వకంలో రెండు కంచు పలకలు దొరికాయి. ఒకటి మలగాది, రెండోది సల్పెన్సా అనే ఇంకో ఊరిది. మామ్సెన్ 1855లో వాటిని వివరించి ప్రచురించాడు. డొమీషియన్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 81–96 మధ్య, ఆ చిన్న ఊళ్లో ఎన్నికలు ఎలా జరగాలో అందులో ఉంది. జనం వార్డులవారీగా ఓటు పలక బుట్టలో వేయాలి. ప్రతి బుట్ట దగ్గర ముగ్గురు కాపలా ఉండి ఓట్లు లెక్కపెట్టాలి. ఆ ముగ్గురూ ఆ వార్డువాళ్లు కాకూడదు. ఇద్దరికి ఓట్లు సమానమైతే పెళ్లికానివాడి కంటే పెళ్లైనవాడికి, పిల్లలు లేనివాడి కంటే పిల్లలున్నవాడికి పదవి. ఖజానా చేతికి వచ్చేవాడు ముందుగా జామీను చూపాలి. మన యూనియన్ ఎన్నికలు చూసిన మిత్రులకు ఈ కాపలా నియమం విలువ నేను చెప్పక్కరలేదు. రాజధానిలో ఓటు పోయి చక్రవర్తి మాటే చట్టమైన రోజుల్లో, ప్రావిన్సులోని ఊళ్లలో ఓటు బతికే ఉందని ఈ కంచు పలకలు చెప్పాయి. ఇవి దొంగవని ఫ్రాన్సులో ఒక పండితుడు వాదించాడు. మామ్సెన్ నిజమైనవే అన్నాడు. 1981లో సెవిల్ ప్రాంతంలో ఇర్నీ అనే ఇంకో ఊరి పలకలు దొరికాయి. వాటిలోని మాటలు చాలాచోట్ల వీటితో కలిశాయి. వాదం తీరిపోయింది.

మూడవది నా మనసుకు అన్నిటికంటె దగ్గరైనది. ఇప్పటి ట్యునీషియాలో సూక్ ఎల్ ఖమీస్ అనేచోట 1879లో ఒక శాసనం దొరికింది. అక్కడి భూమి చక్రవర్తి సొంత ఎస్టేటు. దానిని గుత్తకు తీసుకొన్న దొరలూ, చక్రవర్తి తరఫు అధికారీ కుమ్మక్కై, కౌలురైతుల చేత లెక్కకు మించి వెట్టి చేయించారు. రైతులు నోరెత్తితే సిపాయిలను పిలిపించి కొట్టించారు, కట్టివేయించారు. రోమను పౌరులను కూడా బెత్తాలతో బాదించారు. ఆ రైతులు ఏకంగా కొమ్మోడస్ చక్రవర్తికే అర్జీ పెట్టుకొన్నారు. తాము చేతి కష్టం మీద బతికే బీదవాళ్లమనీ, గుత్తదారు డబ్బుతో అధికారులను కొనేస్తున్నాడనీ మొరపెట్టుకొన్నారు. పాత నిబంధన ప్రకారం ఏడాదికి ఆరు రోజుల పనే: దున్నటానికి రెండు, కలుపుకు రెండు, కోతకు రెండు. అంతకు మించి పుచ్చుకోరాదని చక్రవర్తి జవాబు వచ్చింది. రైతులు ఆ జవాబును, తమ అర్జీతో సహా, రాతి మీద చెక్కించి నిలబెట్టుకొన్నారు. రేపు ఇంకో గుత్తదారు వస్తే చూపించటానికి!

చరిత్ర పుస్తకాల్లో కొమ్మోడస్ ఎవరు? గోదాలోకి దిగి కత్తి తిప్పిన వెర్రివాడు. ఆ కథ నిజమే కావచ్చు. కాని అదే రాజ్యంలో ఒక మూల రైతుకు ఆరు రోజులా, పన్నెండు రోజులా అన్నదే అసలు చరిత్ర. వెట్టి అనే మాట వినగానే మన తెలంగాణా పల్లెల పెద్దలకు ఏం గుర్తుకొస్తుందో వేరే చెప్పనవసరం లేదు. మామ్సెన్ 1880లో ఈ శాసనాన్ని వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు.

ఆ సంవత్సరమే ఆయన ఇల్లు కాలిపోయింది. 1880 జులై 12 రాత్రి, బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో ఆయన చదువుకొనే గదిలో దీపం వల్ల నిప్పంటుకొంది. సొంత పుస్తకాలు, ఏళ్ల తరబడి రాసుకొన్న కాగితాలు, పని కోసం ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించుకొన్న వ్రాతప్రతులు బుగ్గి అయ్యాయి. హైడెల్‌బెర్గ్ నుంచి తెచ్చిన జోర్డానెస్ చరిత్ర వ్రాతప్రతి వాటిలో ఒకటి. ఒక పండితుడికి ఇంతకంటె పెద్ద దెబ్బ ఉండదు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్లు. రెండేళ్లలో, 1882లో, ఆ జోర్డానెస్ గ్రంథాన్ని పరిష్కరించి అచ్చువేశాడు. ఇంతకుమించి ఆ మనిషి మొండితనం గురించి చెప్పేదేముంది!

1885లో రోమను చరిత్ర ఐదో సంపుటం వచ్చింది. నాలుగోది లేకుండానే ఐదోది! సీజరు నుంచి డయోక్లీషియన్ వరకు ప్రావిన్సుల చరిత్ర. స్పెయిను, గాల్, జర్మనీ సరిహద్దు, బ్రిటను, డాన్యూబు, గ్రీసు, ఆసియా మైనరు, సిరియా, యూదయా, ఈజిప్టు, ఆఫ్రికా – ఒక్కొక్క సీమకు ఒక్కొక్క అధ్యాయం. ఈజిప్టు అధ్యాయంలో ఎర్రసముద్రం మీదుగా మన దేశంతో సాగిన వర్తకం కూడా వస్తుంది. ఈ పుస్తకంలో చక్రవర్తుల దుర్గుణాలు లేవు, అంతఃపుర కుట్రలు లేవు. చదివేవారికి మొదటి మూడు సంపుటాలంత హుషారూ ఉండదు. కాని రాజధాని ఎంత కుళ్లినా, ఆ మూడు వందల ఏళ్లలో ప్రావిన్సుల్లో ఊళ్లు పెరిగాయనీ, రోడ్లు పడ్డాయనీ, జనం కొంత శాంతిగా బతికారనీ రాళ్ల సాక్ష్యంతో ఆయన వాదించాడు. సామ్రాజ్య చరిత్రకు నడిబొడ్డును రోము నుంచి జరిపి ఊళ్లకు మార్చిన పుస్తకం ఇదే. నాలుగో సంపుటం ఎందుకు రాయలేదు అని లోకం అడుగుతూనే ఉంది. నా ఉద్దేశంలో ఐదో సంపుటమే దానికి జవాబు.

ఇంత పొగిడినవాణ్ని రెండో వైపు కూడా చెప్పాలి. రాయి అబద్ధం ఆడకపోవచ్చు గాని, రాయి అందరిదీ కాదు. చెక్కించుకోవటానికి డబ్బుండాలి, లాటినో గ్రీకో రావాలి. సొంత భాష తప్ప ఇంకోటి రాని కొండవాడు, ఆడకూలీ, గనిలో చచ్చిన బానిస రాతికి ఎక్కలేదు. ఎక్కినవాళ్లు రోముతో సర్దుకుపోయినవాళ్లు. వాళ్ల రాళ్లను మాత్రమే చదివితే ప్రావిన్సులన్నీ సంతోషంగా రోమైపోయినట్లు కనిపిస్తుంది. మామ్సెన్ చిత్రంలో ఈ లోపం ఉందని తరువాతి చరిత్రకారులు చూపించారు. అది నిజం. అయితే ఆ లోపం పట్టుకోవటానికి కూడా ఆయన సర్దిపెట్టిన సంపుటాలే కావలసివచ్చాయి.

ఆయన రాజకీయం కూడా అంతే, వెలుగూ చీకటీ రెండూ ఉన్నాయి. ప్రష్యా శాసనసభలోను, 1881 నుంచి 1884 వరకు జర్మనీ పార్లమెంటులోను సభ్యుడుగా ఉన్నాడు. బిస్మార్కు ఆర్థిక విధానాన్ని దుయ్యబట్టి ఉపన్యసించినందుకు 1882లో ఆయన మీద కేసు పెట్టారు. కోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. తోటి చరిత్రాచార్యుడు ట్రైచ్కే యూదుల మీద విషం కక్కినప్పుడు, 1880లో మామ్సెన్ బాహాటంగా ఎదురు నిలిచి రాశాడు. ఇది ఆయన గౌరవానికి కలికితురాయి. కాని అదే మనిషి 1897లో ఆస్ట్రియాలోని జర్మనుల పక్షాన రాస్తూ చెక్ జాతివారిని అనరాని మాటలన్నాడు. రోములో ప్రావిన్సులవాళ్లకు న్యాయం చేసిన కలం తన కాలపు ఇరుగుపొరుగుకు చేయలేకపోయింది. మహానుభావుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి మింగేయటం మన అలవాటు. రాయిని ఉన్నదున్నట్లు చదవమన్నవాడి జీవితాన్ని మనమూ ఉన్నదున్నట్లే చదవాలి.

చివరి రోజుల్లోనూ ఆయన చేయి ఆగలేదు. రోమను రాజ్యాంగం మీద పెద్ద గ్రంథం 1871–1888 మధ్య, నేర చట్టం మీద ఇంకో గ్రంథం 1899లో వచ్చాయి. జర్మనీలోని రోమను సరిహద్దు గోడను తవ్వి పరిశోధించే సంఘం 1892లో ఏర్పడటంలోనూ ఆయన చేయి ఉంది. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. సాహిత్యానికి ఆ బహుమానం పుట్టాక అది రెండోసారి. మరుసటి ఏడు 1903 నవంబరు 1న, ఎనభై ఆరో పుట్టినరోజుకు నెల తక్కువగా, కన్నుమూశాడు. ఆయన మునిమనుమలు హాన్స్ మామ్సెన్, వోల్ఫ్‌గాంగ్ మామ్సెన్ ఇరవయ్యో శతాబ్దంలో పేరుపొందిన చరిత్రకారులే.

ఆయన మొదలుపెట్టిన శాసన సర్వస్వం బెర్లిన్‌లో ఇప్పటికీ సాగుతోంది. పదిహేడు సంపుటాలు, ఒక్కొక్క సంపుటానికి భాగాలూ అనుబంధాలూ. అన్నీ కలిపి సుమారు 1,80,000 శాసనాలు. కొత్త రాయి దొరికినప్పుడల్లా పాత చరిత్ర కొంచెం సర్దుకోవలసి వస్తుంది.

ఆ గాలి మన దేశానికీ వీచింది. 1877లో కన్నింగ్‌హామ్ అశోకుని శాసనాల సంపుటం వేసినప్పుడు పెట్టిన పేరు కార్పస్ ఇన్‌స్క్రిప్షనుం ఇండికారుం. ఆ పేరు ఎక్కడిదో ఇక చెప్పక్కరలేదు. 1886లో మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా వచ్చిన హుల్ట్జ్ జర్మనీవాడే. దక్షిణ భారత శాసనాల సంపుటాలు మొదలైంది ఆయనతోనే. తెలుగునాట కొమర్రాజు లక్ష్మణరావుగారు, జయంతి రామయ్య పంతులుగారు ఈ చాకిరీ తలకెత్తుకొన్నారు. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాలు ప్రకటించింది. రామయ్య పంతులుగారు కూర్చిన తెలుగు శాసనాల సంపుటం ఆయన పోయిన తరువాత 1948లో వెలువడింది. కావ్యాలు మాత్రమే చదివితే కాకతీయుల కాలంలో యుద్ధాలూ దానాలూ కనిపిస్తాయి. మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం చదివితేనే, ఓడ పగిలిన వర్తకుడి సరుకు ఎవరిదన్న ప్రశ్న కనిపిస్తుంది.

మన ఊళ్లలో ఇంకా ఎన్నో రాళ్లు గుడి ముందర, చెరువు కట్ట మీద, చావిడి పక్కన ఉన్నాయి. కొన్నిటికి సున్నం పూశారు, కొన్నిటి మీద బట్టలు ఉతుకుతున్నారు, కొన్ని రోడ్డు కంకరలో కలిసిపోయాయి. చరిత్ర విద్యార్థులమైన మనం ఢిల్లీ సుల్తానుల తేదీలు వల్లె వేస్తాం గాని, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ రాతి దగ్గర ఐదు నిమిషాలు నిలబడం. మామ్సెన్ అంతటి పాండిత్యం మనకు రాకపోవచ్చు. రాయిని వెళ్లి చూడటం, సున్నం పూయవద్దని ఊరివాళ్లకు చెప్పటం, ఫలానా చోట ఉందని పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయటం మన చేతిలో పనే. ఆ మహాగ్రంథంలోనూ ఎన్నో శాసనాలు మిగిలింది ఇలాగే: ఏ పల్లెలోనో ఒకడు రాయి ముందు ఆగి, కనిపించిన అక్షరాలు కాగితం మీదికి ఎక్కించాడు గనుక.